ఆటబల్లపై నేల



చతురంగము మన దేశమున పుట్టి, పారసీకము మీదుగా పడమటి దేశములకు పోయినదని పెద్దలెఱుగుదురు. ఆ యాటలో ఏనుగు, గుఱ్ఱము, మంత్రి, భటుడు కలరు గాని నేల లేదు. 64 గడులును సమానములే. కొండ లేదు, ఏఱు లేదు, ఊబి లేదు. నిజమైన యుద్ధమునందో, సేన యెంత బలమైనదైనను మెట్టపల్లముల తీర్పునకు లోబడవలసినదే. ఈ లోపమును తీర్చుటకు జర్మను దేశమున జరిగిన ప్రయత్నమును, దాని గుర్తులను దాచుకొనవలసిన యావశ్యకతను నేడు ముచ్చటింతము.

1780వ సంవత్సరమున బ్రన్స్‌విక్ నగరమందలి గణితోపాధ్యాయుడు హెల్విగ్ 1,617 గడుల యాటపలకను కల్పించెను. అందు ఎఱ్ఱగడి కొండ, నీలపుగడి నీరు, పచ్చగడి ఊబి. నేల వచ్చినది గాని రంగుగా మాత్రమే వచ్చినది, ఎత్తు రాలేదు.

ఎత్తును తెచ్చినవాడు ప్రష్యా రాజోద్యోగి రైస్విట్జు. తొలుత నాతడు ఇసుకతో మిట్టలు, పల్లములు తీర్చెడివాడు. మూడవ ఫ్రెడరిక్ విలియము రాజు ఆ యాటను చూడగోరగా, రాజసముఖమునకు ఇసుక తగదని యెంచి, 1812లో సొరుగులుగల గొప్ప బల్లను చేయించి సమర్పించెను. అందలి నేల యంతయు ప్లాస్టరుతో పోసిన చదరపు బిళ్లలే. వానిపై కొండవాలు, బాట, వాగు, పల్లె ఉబ్బెత్తుగా తీర్చి రంగులు పూసిరి. బిళ్లలను మార్చి పేర్చినకొలది క్రొత్త సీమ లేర్పడును. సేనలకు బదులు పింగాణి దిమ్మలు నడచును.

ఆతని కుమారుడు ఫిరంగిదళమున చిన్న యధికారి. 1824లో నతడు బిళ్లలను విడిచి, అచ్చుపటముపై ఆడు నియమములను ప్రకటించెను. సేనాధిపతులు మెచ్చిరి, ఆట ప్రష్యా సైన్యమంతట వ్యాపించెను. కాని కొండ మఱల గీతయైపోయెను. కుమారుడు 1827లోనే అకాలమరణము నొందెను. తండ్రి చేయించిన ప్లాస్టరుబల్ల బెర్లినునందలి రాజగృహసంపదలో నేటికిని నిలిచియున్నది.

రాజుగారి వస్తువు గనుక అది నిలిచినది. సామాన్యుల యిండ్లలోని వానికి ఆ భాగ్యము లేదు. 1913లో ఆంగ్లరచయిత హెచ్. జి. వెల్సు బొమ్మసైనికుల యాటకు నియమములు వ్రాసిన పిమ్మట, ఈ వినోదము క్రమముగా గృహస్థులలో ప్రాకెను. ప్లాస్టరు కొండలు, గోడలు, వంతెనలు బల్లలనెక్కెను. జిప్సమను రాతిని కాల్చి పొడిచేసి నీట కలిపినచో, అది ఘడియలో గట్టిపడును. అంత సులభముగానే విఱుగును, తేమకు కృశించును. కావున లోహపు భటుడు పెట్టెలో దాగినను, వాడు నిలిచిన కొండ చెత్తకుప్పకు చేరుట సహజము.

ఇట్టి పాతముక్కలను వెదకి కూర్చువారు పడమటి దేశములలో నిప్పుడు కలరు. వారు పాటింపవలసిన నియమములు స్వల్పములు. ముక్కను నీట కడుగరాదు. మెత్తని కుంచెతో దుమ్ము తీయవలెను. పాతరంగుపై క్రొత్తరంగు పూయరాదు. చేసినవాని చేతిగుర్తు ఆ పాతరంగుననే యున్నది. విఱిగిన పెళ్లను పాఱవేయక, దానితోడనే యుంచవలెను.

ఆటవస్తువునకు ఇంత శ్రద్ధ యేల యని కొంద ఱనవచ్చును. పొలము దున్నినవారికి నేల విలువ నేను చెప్పనక్కఱలేదు. మెట్ట చేను, పల్లపు చేను ఒక్కటి కావు. అట్లే, భటుని దాచి నేలను పాఱవేసినచో, ఆ యాటలో నెవరు గెలిచిరో తెలియునేమో కాని, ఏల గెలిచిరో తెలియదు.