ఫార్మాట్ నొక్కకుండ్రి, ముందుగాల గిది చదువుండ్రి

మా ఊర్ల ఎవలింట్ల కంప్యూటర్ మొరాయించినా నన్నే పిలుస్తరు. హార్డ్ డిస్క్ పెట్టంగనే ‘ఫార్మాట్ చెయ్యాల్నా?’ అని అడిగితే, అది ఖరాబైందని గాబరా పడుతరు. నేను చెప్పేది ఒక్కటే: ఆగుండ్రి. చానాసార్లు డిస్క్ మంచిగనే ఉంటది. ఆ కంప్యూటర్‌కే దాని రాత చదవొస్తలేదు.

ఏ ఫైలు డిస్క్‌ల ఏడ ఉన్నదో రాసి పెట్టే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటరు. పహాణీ లెక్క అన్నమాట. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ల రాస్తది, కొత్త మ్యాక్‌లు ఏపీఎఫ్‌ఎస్‌ల, లినక్స్ ఎక్కువగ ఈఎక్స్‌టీ4ల. ఫార్మాట్ కొట్టినమంటే పాత పహాణీ పోయి కొత్తది ఖాళీగ మొదలైతది. మీ పెండ్లి వీడియోలు, సదువు కాయితాలు మళ్ల దొరుకుతయన్న నమ్మకం ఉండది.

ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ను మ్యాక్ చదువుతది గని, మామూలుగ దాని మీద రాయది. లోపలున్నది కాపీ చేసుకోవచ్చు. ఈఎక్స్‌టీ4 డిస్క్‌ను విండోస్ నేరుగ చదవది. అప్పుడు లినక్స్ ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తోని కంప్యూటర్ ఆన్ చేసి, ‘ఇన్‌స్టాల్’ జోలికి పోకుండ, ‘ట్రై’ నొక్కి ఫైళ్లు తీసుకోవాలె.

కొత్త పెన్‌డ్రైవ్ అన్నిట్ల నడవాల్నంటే? ఫ్యాట్32ను అన్ని కంప్యూటర్లు చదువుతయి. గని ఒక్క ఫైలు 4 జీబీకి మించొద్దు. 6 జీబీ వీడియో, డ్రైవ్‌ల 20 జీబీ జాగ ఉన్నా ఎక్కది. అందుకే నేను ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకోమంట. మైక్రోసాఫ్ట్ 2006ల తెచ్చింది. విండోస్, మ్యాక్ రెండిట్ల చదువొచ్చు, రాయొచ్చు. లినక్స్‌ల 2019ల వచ్చిన 5.4 కెర్నల్ నుంచి లోపల్నే ఉంది. ఒక్క జాగ్రత్త: కాపీ అయితుంటే మధ్యల గుంజొద్దు. ‘ఎజెక్ట్’ కొట్టినంకనే తియ్యాలె.

రెండు కంప్యూటర్లు ఒక్క వైఫై మీద ఉంటే ఫోల్డర్ షేర్ చేసి పంపుకోవచ్చు. ఎవల డిస్క్ మీద వాళ్ల కంప్యూటరే రాసుకుంటది, గందుకే లొల్లి ఉండది.

సొంత కంప్యూటరే ఆ డిస్క్‌ను చదవకపోతే మాత్రం అది నిజంగ ఖరాబైనట్టే అనుకోండ్రి. దాని మీద కొత్తగ ఏం రాయకుండ, డేటా తీసేటోళ్ల దగ్గరికి తీస్కపోండ్రి. డిస్క్ మళ్ల కొనుక్కోవచ్చు. పోయిన అమ్మమ్మ ఫొటో ఏ దుకాన్ల దొరుకుతది?