పేరు బ్రౌనింగ్, ఊరు ఐబార్

1911 జూన్ 17న మణియాచ్చి జంక్షన్‌లో ఆగి ఉన్న రైలుపెట్టెలో తిరునల్వేలి కలెక్టరు ఆష్‌ను వాంచినాథన్ కాల్చి చంపాడు. వెనువెంటనే తననూ కాల్చుకొని మరణించాడు. ఆ కుట్ర కేసును మద్రాసు హైకోర్టు విచారించింది. ముద్దాయిల పక్షాన వాదించిన న్యాయవాదులలో టంగుటూరి ప్రకాశం ఒకరు కనుక ఈ కేసు తెలుగువారికి పరాయిది కాదు. వాంచి వాడినది బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ పిస్తోలు. ఇక్కడ పేరూ వస్తువూ సరిపోయాయి. కాని తరువాతి కాలపు కాగితాలలో 'బ్రౌనింగ్' అన్న మాట కనబడిన ప్రతిచోటా ఇదే అర్థం చెప్పుకోవచ్చునా?

జాన్ మోజెస్ బ్రౌనింగ్ అమెరికా దేశస్థుడు. ఆయన రూపకల్పన చేసిన పిస్తోళ్ళను బెల్జియంలోని ఎఫ్.ఎన్. కర్మాగారం తయారుచేసింది. అవి ఎంతగా చెలామణి అయ్యాయంటే, ఫ్రెంచి భాషలో 'బ్రౌనింగ్' అంటే జేబులో పట్టే ఏ ఆటోమాటిక్ పిస్తోలైనా అన్న అర్థం స్థిరపడింది. భాషాశాస్త్రంలో సంజ్ఞానామం జాతినామంగా మారడమంటే ఇదే. మన ఇళ్ళలో వనస్పతి అంతా 'డాల్డా' అయినట్టే.

పేరుతోపాటు రూపమూ వలస వెళ్ళింది. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో ఐబార్ అనే ఊరుంది. అక్కడ తుపాకుల పని తరతరాల కులవృత్తి వంటిది. ఆనాటి స్పెయిన్ చట్టం ప్రకారం పేటెంటు పొందినవారు గడువులోగా ఆ దేశంలోనే సరుకు తయారు చేయకపోతే హక్కు నిలవదు. ఈ వెసులుబాటుతో ఐబార్ కార్ఖానాలు 1903 నాటి బ్రౌనింగ్ నమూనాను తమకు అనువుగా మలచుకున్నాయి.

ఆ నిర్మాణం సులువైనది. పేల్చే సమయంలో గొట్టం వెనుక భాగాన్ని బంధించే తాళం ఏదీ ఉండదు. పైన జారే ఉక్కు తొడుగు బరువు, దానిని ముందుకు నెట్టే స్ప్రింగు బలం, ఈ రెండే తూటా బయటపడేదాకా వెనుక వైపును మూసి ఉంచుతాయి. తొడుగు వెనక్కి జరిగినపుడు ఖాళీ తొట్టెను విసిరేస్తుంది. ముందుకు వచ్చినపుడు పిడిలోని మేగజీను నుంచి కొత్త తూటాను ఎక్కిస్తుంది. బ్రౌనింగ్ నమూనాలో పిడి వెనుక ఉన్న అదనపు రక్షణ మీటను ఐబార్ పనివారు తీసివేశారు. పని తగ్గింది, ధరా తగ్గింది.

వీటిలో పేరొందినది గాబిలోండో, ఉర్రెస్తి సంస్థ తయారుచేసిన 'రూబీ'. 7.65 మిల్లీమీటర్ల తూటా, మేగజీనులో తొమ్మిది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సుకు పిస్తోళ్ళు చాలలేదు. 1915లో నెలకు 10,000 కావాలని అడిగింది. ఆ సంఖ్య తరువాత 30,000కు పెరిగింది. ఒక్క సంస్థకు అది అలవి కాదు. ఇరుగుపొరుగు కార్ఖానాలెన్నో ఆ పనిలోకి దిగాయి. చూపుకు అన్నీ ఒకటే; కాని ఒకరి మేగజీను మరొకరి పిస్తోలులో సరిగా కూర్చోదు. యుద్ధరంగంలో ఇది చిన్న లోపం కాదు. అందుకే పిస్తోలు మీదా, మేగజీను అడుగునా తయారీదారు పొడి అక్షరాలను కోడిగుడ్డు ఆకారపు గీతలో చెక్కించారు. 'జి.యు.' అంటే గాబిలోండో, ఉర్రెస్తి.

మన చరిత్రకారులకు పాఠం ఇక్కడే ఉంది. సాక్షి 'బ్రౌనింగ్' అన్నాడంటే ఆయన కన్న వస్తువు చిన్న ఆటోమాటిక్ పిస్తోలని మాత్రమే రూఢి అవుతుంది. అది బెల్జియం నుంచి వచ్చిందని కాదు. ఆయుధం ఏ దారిన వచ్చింది, ఎవరు పంపారు అన్న ప్రశ్నలకు ఆ ఒక్క మాట మీద జవాబు కడితే, నిర్దోషుల పేర్లు కుట్రలోకి ఎక్కే ప్రమాదముంది. కాగితంలోని మాటను ఉన్నదున్నట్టు ఎత్తి రాయాలి. వస్తువు దొరికితే దాని మీది అక్షరాలను చదవాలి. శాసనాన్ని చదివేవాడు రాతి దగ్గరకు వెళ్ళినట్టే, ఇక్కడ ఉక్కు దగ్గరకు వెళ్ళాలి.