చేతి సైగ నుంచి ఫ్లాషర్ వరకు: మోటారుసైకిలు ఇండికేటర్ల చరిత్ర

విద్యార్థులారా! బైకుకు కొత్త ఇండికేటర్లు బిగించుకోవడం మీలో చాలామందికి అలంకరణగానే కనిపించవచ్చు. కాని మలుపు తిరిగేముందు మెరిసే ఆ దీపం, ముఖపరిచయం లేని ఇద్దరు ప్రయాణికుల మధ్య కుదిరిన ఒప్పందం. ఈ ఒప్పందం చేతి నుంచి తీగలోకి ఎలా మారిందో ఈ భాగంలో తెలుసుకుందాం.

చేతి సైగల దశ

మొదట్లో బండి నడిపేవారు చేయి చాపి తమ ఉద్దేశాన్ని తెలిపేవారు. మోటారుసైకిలుపై ఇది సులభం కాదు. యాక్సిలరేటరు, ముందు బ్రేకు రెండూ కుడిచేతి కిందే ఉంటాయి. మన దేశంలో వాహనాలు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి కుడికి తిరగడమంటే ఎదురుగా వచ్చే వాహనాల దారిని దాటడమే. బండిపై అదుపు ఎక్కువగా ఉండవలసిన ఆ క్షణంలోనే కుడిచేతిని వదలవలసి వచ్చేది.

విద్యుత్ దీపాల దశ

అమెరికాలో బ్యూక్ కంపెనీ 1939 మోడల్ కార్లకు మెరిసే సూచిక దీపాలను అమర్చింది. 1958లో జపాన్‌లో విడుదలైన హోండా సూపర్ కబ్ అనే చిన్న బండి ఇండికేటర్లతోనే వచ్చింది. అదే దశకంలో మద్రాసు నుంచి వచ్చిన తొలి తరం బుల్లెట్లకు మాత్రం అవి లేవు. వాటిని నడిపేవారికి చేతి సైగే ఆధారం.

ఫ్లాషర్ పనితీరు

బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు తాళం స్విచ్చి, ఫ్లాషర్, హ్యాండిల్ స్విచ్చి దాటి బల్బులకు చేరుతుంది. పాత ఫ్లాషర్‌లో ఆ కరెంటు వేడికే లోపలి లోహభాగం కదిలి వలయాన్ని తెంచి, చల్లారాక మళ్లీ కలుపుతుంది. 12 వోల్టుల బండిలో ఒకవైపున్న రెండు 10 వాట్ల బల్బులు సుమారు 1.7 ఆంపియర్లు తీసుకుంటాయి. ఎల్.ఇ.డి. దీపాలు తీసుకునేది ఇందులో కొద్ది భాగమే. అందువల్ల పాత ఫ్లాషర్‌తో అవి మెరవకుండా వెలుగుతూనే ఉండిపోవచ్చు. దీనికి ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ మార్చుకోవడం సరైన పరిష్కారం. మీటరులో రెండు వైపులకూ ఒకే సూచిక బల్బు ఉన్న బండ్లలో, ఆ బల్బు గుండా కరెంటు రెండోవైపుకు పారి నాలుగు దీపాలూ ఒకేసారి మెరవవచ్చు. రెండు డయోడ్లు అమర్చి దీన్ని నివారిస్తారు.

ముగింపు

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం ఇండికేటరు దీపం కాషాయ పసుపు రంగులో ఉండి, నిమిషానికి 60 నుంచి 120 సార్లు మెరవాలి. రంగుకూ వేగానికీ హద్దు పెట్టడానికి కారణం స్పష్టమే: వెనుక వచ్చేవారు ఆ సంకేతాన్ని ఒక్క చూపులో గుర్తుపట్టాలి. కుడికి తిరుగుతున్న బండికి నాలుగు దీపాలూ మెరిస్తే, చేయి చాపిన పాతకాలపు రైడరు చెప్పినంత కూడా అది చెప్పలేదు. కాబట్టి వైరింగ్ పూర్తయ్యాక బండి వెనుక నిలబడి చూడండి. ఆ దీపం మీకోసం కాదు, అక్కడ ఉన్నవారికోసం.

మీ ప్రగతిని తెలుసుకోండి

1. చేతి సైగ మోటారుసైకిలు నడిపేవారికి ఎందుకు ప్రమాదకరం?
2. పాత ఫ్లాషర్‌తో ఎల్.ఇ.డి. దీపాలు సరిగా మెరవకపోవడానికి కారణమేమిటి?