కార్బన్ కాపీ

2022 జూలై 4. సోమవారం. బెంగళూరు ప్యాలెస్ రోడ్డులో కార్ల్‌టన్ హౌస్. సీఐడీ ప్రధాన కార్యాలయం. లోపల ఒక గదిలో విచారణ నడుస్తోంది. అడిగేవాళ్ళు పోలీసులు. జవాబు చెప్పేదీ పోలీసే. మామూలు రోజుల్లో అయితే ఈ అడిగేవాళ్ళంతా ఆయన ఎదుట బూట్లు టక్కుమనిపించి, సెల్యూట్ కొట్టి, కూర్చోమనేదాకా నిలబడాలి. 1995 బ్యాచ్ ఐపీఎస్. అదనపు డీజీపీ అమృత్ పాల్. అంతకుముందు కూడా పిలిచారు. అడిగారు. పంపించేశారు. ఈసారి పంపించలేదు.

కాసేపటికే కన్నడ చానళ్ళలో ఎర్ర పట్టీ పరుగులు తీసింది. సర్వీసులో ఉన్న అంత పెద్ద పోలీసు అధికారి అరెస్టు కావడం కర్ణాటకలో అదే మొదటిసారి. చిక్కబళ్ళాపురం బస్టాండులో, చింతామణి టమాటా మార్కెట్లో, హైదరాబాద్ హైవే పక్కన బాగేపల్లి హోటళ్ళలో తలలన్నీ టీవీ వైపు తిరిగాయి.

"ఎవురన్నా ఆయన?"

"ఎస్సైల్ని ఎంచే పెద్దసారంట. ఆయన్నే లోపలేసినారంట."

బాగేపల్లిలో టీవీకి ఎదురుగా ఒక కుర్రాడు నిలబడిపోయాడు. చేతిలో టీ చల్లారుతోంది. తాగడం లేదు. గ్లాసు బల్ల మీద పెట్టి ఫోన్ తీశాడు. రెండు నెలలుగా మాటల్లేని స్నేహితుడి నంబరు మీద వేలు ఆగింది.

అతని పేరు ఇక్కడ అక్కర్లేదు. అతనూ, చింతామణిలో ఉన్న ఆ స్నేహితుడూ ఎవరో ఇద్దరు మనుషులు కారు. ఈ తాలూకాల్లో ఎస్సై కొలువు కోసం ఏళ్ళు కరగదీసిన ఎంతోమంది కలిస్తే ఆ రెండు ముఖాలు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం. పొలంలో వెయ్యి అడుగులు దింపినా నీళ్ళు పడని బోరు. పట్టు పురుగులకు మల్బరీ ఆకు కోసే అమ్మ. బెంగళూరు విజయనగరలో కోచింగ్. ఒకే గది, ఒకే స్టవ్వు, రాత్రి మిగిలిన ముద్దలో సగం సగం. వాళ్ళిద్దరినీ విడదీసింది ఒక జాబితా.

వెనక్కి వెళ్ళాలి. 2021 అక్టోబర్ 3, ఆదివారం.

మొత్తం 545 పీఎస్ఐ, అంటే ఎస్సై, పోస్టులు. 92 పరీక్షా కేంద్రాలు. 54 వేల మందికి పైగా అభ్యర్థులు. అందరూ అప్పటికే పరుగు పందెం, లాంగ్ జంప్, గుండు విసరడం దాటొచ్చినవాళ్ళు. మొదటి పేపరు 50 మార్కులు. వ్యాసం, అనువాదం. రెండోది 150 మార్కులు. ఓఎమ్మార్ షీటు మీద నల్లగా దిద్దాలి. దిద్దిన ప్రతి చుక్కా కింద కార్బన్ కాపీలో పడుతుంది. అసలు షీటు వాళ్ళు తీసుకుంటారు. కాపీ మనకిస్తారు. చెమట చేతులతో ఆ కాపీని మడిచి జేబులో పెట్టుకుని 54 వేల మంది బయటికొచ్చారు. దాంతో తర్వాత పని పడుతుందని ఆరోజు ఎవరికీ తోచలేదు.

అదే రోజు, రాష్ట్రానికి ఆ చివర కలబుర్గిలో, ఒక ప్రైవేటు బడిలో ఒక అభ్యర్థి ఇరవై ఒక్క ప్రశ్నలకు చుక్కలు దిద్ది ఆగిపోయాడు. మిగతా గళ్ళు తెల్లగా వదిలేశాడు. షీటు ఇచ్చేసి వెళ్ళిపోయాడు.

జనవరిలో ఫలితం వచ్చింది. ఆ రెండో పేపరులో అతనికి 121 మార్కులు.

బాగేపల్లి కుర్రాడి పేరు జాబితాలో ఉంది. ఇంట్లో నాయన ఏమీ అనలేదు. గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాడు. "మన ఇంట్లో ఎస్సైనా?" అని ఒక్క మాట అడిగాడు, అంతే. చింతామణి కుర్రాడికి కొద్ది మార్కుల్లో పోయింది. అయినా బస్సెక్కి బాగేపల్లికి వచ్చి స్నేహితుణ్ణి వాటేసుకున్నాడు. "నువ్వు స్టేషన్లో కూర్చోరా. నేను మళ్ళా రాస్తా" అన్నాడు. ఆ మాటలో కల్ల లేదు. కానీ అప్పటికే ఆ కలబుర్గి అభ్యర్థి ఓఎమ్మార్ షీటు ఫొటో ఫోన్ నుంచి ఫోన్‌కు పాకడం మొదలైంది.

మార్చిలో శాసనమండలిలో ప్రశ్న లేచింది. హోంమంత్రి ఆరగ జ్ఞానేంద్ర అక్రమాలేమీ జరగలేదన్నారు. ఏప్రిల్ వచ్చేసరికి అదే ప్రభుత్వం కేసును సీఐడీకి ఇచ్చింది. కలబుర్గిలో ఎఫ్ఐఆర్ పడింది. ఆ బడి యజమానురాలు, అధికార పార్టీ మహిళా నాయకురాలు, కొన్నాళ్ళు కనబడకుండా పోయి చివరికి పుణెలో దొరికింది. చెవిలో బ్లూటూత్ పెట్టుకుని రాసినవాళ్ళ కథలు బయటపడ్డాయి. ఒక్కో పోస్టు 30 లక్షలని ఒకరు, 80 లక్షలని ఇంకొకరు. చింతామణి మార్కెట్లో ట్రేలు మోసే హమాలీ దగ్గర్నించి మండీ యజమాని దాకా అందరి నోటా ఆ లెక్కలే. అంతలో సీఐడీ నుంచి జాబితాలో ఉన్న 545 మందికీ పిలుపు వచ్చింది.

హాల్ టికెట్ తేవాలి. కార్బన్ కాపీ తేవాలి.

బాగేపల్లిలో ఇల్లంతా తిరగేశారు. ఇనప్పెట్టె కింద, దేవుడి పటం వెనక, పాత నోట్సుల మధ్య. అమ్మ బియ్యం డబ్బా కూడా కుమ్మరించింది. చివరికి కరెంట్ అఫైర్స్ పుస్తకంలో దొరికింది. నాలుగు మడతలు. అంచులు నలిగాయి. చుక్కలు మాత్రం చెదరలేదు. తెల్లవారుజామున బస్సెక్కి, పేరేసంద్ర దాటి, చిక్కబళ్ళాపురం దాటి, నందికొండను పక్కన వదిలి, దేవనహళ్ళి ఎయిర్‌పోర్ట్ ట్రాఫిక్‌లో ఇరుక్కుని, మండే ఏప్రిల్ ఎండలో కార్ల్‌టన్ హౌస్ గేటు ముందు నిలబడేసరికి అతని ముందు వరసలో ఉన్న ప్రతి ఒక్కరి చేతిలోనూ అలాంటి మడతల కాగితమే ఉంది, ప్రతి ఒక్కరి కళ్ళలోనూ ఒకటే భయం ఉంది: నా కాపీ, వాళ్ళ దగ్గరున్న షీటు ఒకటేనా?

అతనివి రెండూ ఒకటే. అధికారి చూశాడు, రాసుకున్నాడు, వెళ్ళమన్నాడు. బయటికొచ్చి ఇంటికి ఫోన్ చేశాడు. "నాయనా, నాది సరిగా ఉంది." ఆ ఊరట ఎన్నో రోజులు నిలవలేదు.

ఏప్రిల్ 29, శుక్రవారం. పరీక్ష రద్దు. అందరికీ మళ్ళీ పరీక్ష.

మరుసటి రోజే బెంగళూరు ఫ్రీడం పార్కులో జనం. జాబితాలో ఉన్నవాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు. తప్పు చేసినవాణ్ణి పట్టుకోండి, చెయ్యనివాడికి శిక్ష ఏమిటని అడిగారు. బాగేపల్లి నాయన కూడా ఆ ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. బెంగళూరులో ధర్నాకు కూర్చోవడం అతనికి కొత్త కాదు. శాశ్వత నీటి కోసం ఈ జిల్లా రైతులు అంతకుముందే రాజధానికి వచ్చి అరిచారు. నీళ్ళకు వచ్చినప్పుడు అందరం ఒక్కటే. ఈసారి సొంత ఊళ్ళోనే సగం మంది ఎదురు నిలిచారు.

ఆ సాయంత్రం చింతామణి నుంచి ఫోన్.

"రద్దు చేసింది మంచిదే కదరా."

"మంచిదా? నాది కడిగిన కాగితం. సీఐడీ వాళ్ళే చూసినారు."

"నీది కడిగిందే. నీ పైన ర్యాంకు కొన్నోళ్ళు ఎంతమందో నీకు తెలుసా? వాళ్ళు లేకుంటే నా పేరు యాడుండేది?"

జవాబు రాలేదు. ఫోన్ కట్టయింది. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఈ దొంగతనంలో అన్నిటికన్నా పెద్ద పాపం అదే. దోచినవాళ్ళ మీద కలిసి తిరగబడాల్సిన ఇద్దరు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు.

ఎస్సై ఉద్యోగం కోసం ఇంత గొడవ దేనికని బయటివాళ్ళు అడగొచ్చు. చింతామణి తాలూకాలో ఎవరూ అడగరు. 2000 మార్చి 11న ఆ తాలూకాలోని కంబాలపల్లిలో ఏడుగురు దళితుల్ని సజీవంగా కాల్చేశారు. 2006లో నిందితులందరూ నిర్దోషులుగా బయటికొచ్చారు. సాక్షులు కోర్టులో అడ్డం తిరిగారు. 2014లో హైకోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఏడు ప్రాణాలు పోయాయి, కోర్టు లెక్కలో చంపినవాడు ఎవడూ లేడు. ఊళ్ళో గొడవ మొదలైన రాత్రి ముందుగా తలుపు తట్టేది స్టేషనులోనే. మొదటి కాగితం రాసేది అక్కడే. సాక్షికి ధైర్యం చెప్పేదీ, చెప్పకుండా వదిలేసేదీ అక్కడే. ఆ కుర్చీలో 50 లక్షలు కట్టి కూర్చున్నవాడు ఆ డబ్బు ఎవరి దగ్గర రాబట్టుకుంటాడు? టీ బల్ల దగ్గర ఒక పెద్దాయన ఈ ప్రశ్నే అడిగాడు. ఎవరూ నోరెత్తలేదు.

మే నెలలో దర్యాప్తు దిశ మారింది. కలబుర్గి బడి నుంచి తిన్నగా పోలీసు నియామక విభాగంలోకే వచ్చి పడింది. ఒక డీఎస్పీ అరెస్టయ్యాడు. కింది సిబ్బంది అరెస్టయ్యారు. సీఐడీ చెప్పింది వింటే ఒళ్ళు జలదరిస్తుంది. రాష్ట్రమంతటి నుంచీ వచ్చిన ఓఎమ్మార్ షీట్లు భద్రంగా ఉండాల్సిన స్ట్రాంగ్‌రూమ్‌లోనే, తెల్లగా వదిలిన గళ్ళు నల్లబడ్డాయట. బయటి దొంగ గోడ దూకలేదు. తాళం పగలలేదు. మరి తలుపు ఎట్లా తెరుచుకుంది?

ఆ ప్రశ్నే జూలై 4 దాకా నడిపించింది. తాళాలు పైనుంచే కిందివాళ్ళ చేతికి అందాయన్నది సీఐడీ అభియోగం. పరీక్ష జరిగినప్పుడు నియామక విభాగం అధిపతి అమృత్ పాల్. గొడవ ముదిరాక ఏప్రిల్‌లోనే ఆయన్ని అక్కణ్ణించి బదిలీ చేశారు. ఆరోపణల్ని ఆయన ఒప్పుకోలేదు. నిజమేదో తేల్చాల్సింది కోర్టు.

ఆ సోమవారం అక్కడితో ఆగలేదు. అదే రోజు బెంగళూరు అర్బన్ మాజీ డిప్యూటీ కమిషనర్, ఐఏఎస్ అధికారి జె. మంజునాథ్‌ను లంచం కేసులో ఏసీబీ అరెస్టు చేసింది. అదే రోజు హైకోర్టులో జస్టిస్ హెచ్.పి. సందేశ్ నిండు కోర్టులో బయటపెట్టిన విషయం ఇంకా పెద్దది. ఏసీబీని గట్టిగా నిలదీస్తున్నందుకు తనను బదిలీ చేయిస్తారన్న బెదిరింపు తన చెవిన పడిందన్నారు. ఎవరికీ భయపడనన్నారు. తాను రైతు కొడుకునని, కావాలంటే పొలం దున్నుకుంటానని చెప్పారు. బాగేపల్లి టీ కొట్టులో ఆ వార్త వచ్చినప్పుడు ఒక ముసలాయన తలపాగా సర్దుకుని లేచి నిలబడ్డాడు. "అట్ల చెప్పాల" అన్నాడు.

కుర్రాడి వేలు ఇంకా ఆ నంబరు మీదే ఉంది. నొక్కాడు. అవతల వెంటనే ఎత్తాడు.

"చూసినావా?"

"చూస్తాండా."

"నువ్వు చెప్పింది నిజమేరా. మన ఇద్దర్నీ కొట్టుకోమని విడిచి, వాళ్ళు తలుపు మూసుకున్నారు."

చాలాసేపు ఇద్దరి ఊపిరి మాత్రమే వినబడింది. తర్వాత చింతామణి కుర్రాడు అడిగాడు. "విజయనగరలో ఆ గది ఖాళీగా ఉందంటావా?"

పుస్తకాలు మళ్ళీ తెరిచారు. కాలం మాత్రం ఆగలేదు. ఆగస్టులో హైకోర్టు ఏసీబీనే రద్దు చేసింది. జాబితాలోని వాళ్ళు పరీక్ష రద్దు మీద కోర్టుకెక్కారు. వాయిదా మీద వాయిదా. 2023లో ప్రభుత్వం మారింది, విశ్రాంత న్యాయమూర్తి బి. వీరప్పతో విచారణ కమిషన్ వేసింది. సెప్టెంబరులో అమృత్ పాల్‌కు హైకోర్టు బెయిలు ఇచ్చింది. ఆ వార్త విన్న రోజు ఊళ్ళో కొందరు పిడికిళ్ళు బిగించారు. కొందరు పెదవి విరిచారు. బెయిలంటే నిర్దోషి అని కాదు, ఆ మాట ఒకరికొకరు చెప్పుకోవాల్సి వచ్చింది. నవంబర్ 10న హైకోర్టు తేల్చింది: రద్దు సరైనదే. మళ్ళీ పరీక్ష పెట్టాలి. పోలీసు శాఖ కాదు, బయటి సంస్థ పెట్టాలి.

2024 జనవరి 23. మంగళవారం. మొదటి పరీక్ష రాసి రెండేళ్ళ మూడు నెలలు దాటింది. ఇన్నాళ్ళలో ఎంతమందో వేరే కొలువుల్లో చేరిపోయారు. పెళ్ళిళ్ళయ్యాయి. అప్పులకు వడ్డీలు పెరిగాయి. బాగేపల్లి నాయన మల్బరీ తోటలో సగం కౌలుకిచ్చేశాడు. ఇద్దరు స్నేహితులూ ముందురోజే బెంగళూరు చేరారు. పొద్దున చలిలో పరీక్షా కేంద్రం గేటు ముందు పెద్ద వరస. హాల్ టికెట్లు చూస్తున్నారు, జేబులు తడుముతున్నారు. ఈసారి పరీక్ష పెట్టేది కర్ణాటక పరీక్షా ప్రాధికార సంస్థ, కేఈఏ.

"ఈతూరి షీట్లు ఎవురి దగ్గర పెడతారంట?" చింతామణి కుర్రాడు అడిగాడు.

"కేఈఏ వాళ్ళ దగ్గర. పోలీసోళ్ళ దగ్గర కాదు."

"ఎవురి దగ్గరైతే ఏమి. లోపల కెమెరా నడస్తాదా, తాళం తీసినోడి పేరు రాస్తారా, రేపు నా షీటు నాకు చూపిస్తారా? పోయినాక ముందు అదడుగు. నేనూ అడుగుతా."