అమరావతి స్తూపం: కట్టడం పోయింది, యాత్రికులు మాత్రం ఆగలేదు

అమరావతి అనగానే మనకి రాజధాని గొడవే గుర్తొస్తుంది కదా. ఆ పేరు ఏ ఊరి నుంచి వచ్చిందో ఇవాళ ఆ ఊరికే వెళ్దాం. కృష్ణ ఒడ్డున ఉన్న పాత అమరావతి. చాలామంది అమరేశ్వరుడి దర్శనం చేసుకుని, నాలుగు ఫొటోలు దిగి వచ్చేస్తారు. అదే ఊళ్లో మహాచైత్యం కూడా ఉంది. మొదటిసారి చూసినప్పుడు నేను "ఇంతేనా?" అనుకున్నా. గుండ్రటి దిబ్బ, చుట్టూ కొన్ని రాళ్లు. అంతే. కానీ అప్పుడే ఇద్దరు బౌద్ధ భిక్షువులు దాని చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నారు. నాకు ఏమీ కనిపించని చోట వాళ్లకి ఏం కనిపిస్తోంది?

ముందు ఇక్కడ ఏముండేదో చూద్దాం. ఈ చోటు పాత పేరు ధాన్యకటకం. స్తూపం క్రీ.పూ. 3వ శతాబ్దం ప్రాంతంలో మొదలైందని చరిత్రకారులు అంటారు. శాతవాహనుల కాలానికి అది అడ్డంగా సుమారు 50 మీటర్లు ఉన్న మహా కట్టడం. చుట్టూ సున్నపురాయి పలకలు, వాటి నిండా శిల్పాలు.

డబ్బు ఎవరిచ్చారు? రాజులొక్కరే అనుకోకండి. శాసనాల్లో వర్తకులు, భిక్షుణులు, మామూలు గృహస్థుల పేర్లు ఉన్నాయి. విధికుడు అనే తోలుపని చేసే ఆయన పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చాడు. అది కూడా ఒక్కడి పేరుమీద కాదు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, అందరితో కలిసి. ఇంటిల్లిపాదికీ పుణ్యం రావాలని!

7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయాన్‌త్సాంగ్ ఈ ప్రాంతానికి వచ్చేసరికే చాలా ఆరామాలు పాడుబడ్డాయి. అయినా కథ ముగియలేదు. శ్రీలంకలోని గడలాదెణియ శాసనం 1344 నాటిది. ధర్మకీర్తి అనే స్థవిరుడు ధాన్యకటకంలో రెండంతస్తుల ప్రతిమాగృహాన్ని బాగుచేయించాడని అందులో ఉంది. అంటే సముద్రం అవతల వాళ్లకి ఈ అడ్రస్ ఇంకా గుర్తుంది.

తర్వాత మనవాళ్లే మర్చిపోయారు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు ఈ దిబ్బ తవ్వి ఇటుకలు, రాళ్లు పట్టుకెళ్లారు. కొన్ని పలకల్ని సున్నం కోసం కాల్చేశారు కూడా. కాలిన్ మెకంజీ వచ్చి చూసి, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఎలియట్ తవ్వించి శిల్పాల్ని మద్రాసు పంపాడు. వాటిలో చాలా భాగం లండన్ చేరింది. ఇవాళ అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరికొన్ని చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి.

లండన్‌లో ఉన్న ఒక పలక గురించి తప్పకుండా చెప్పాలి. దానికి రెండువైపులా శిల్పాలే. పాతవైపు బుద్ధుడి బొమ్మ ఉండదు. బోధివృక్షం, కింద ఖాళీ ఆసనం, పాదముద్రలు, చుట్టూ దండం పెడుతున్న మనుషులు. కొన్ని వందల ఏళ్ల తర్వాత అదే రాయిని తిప్పి, వెనకవైపు స్తూపం చెక్కారు. స్తూపం ఎలా ఉండేదో మనకి తెలిసేది ఇలాంటి పలకల వల్లే.

ఆ పాతవైపు చూశాక నా ప్రశ్నకి జవాబు దొరికింది. ఇక్కడి తొలి భక్తులు ఖాళీ ఆసనానికి మొక్కినవాళ్లు. ఆయన ఎదురుగా కనిపించాలని వాళ్లు అడగలేదు, ఆయన చోటు ఉంటే చాలనుకున్నారు. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డేటా పోయింది, అడ్రస్ మిగిలింది. ఆ భిక్షువులు ప్రదక్షిణ చేసింది ఆ అడ్రస్‌కే.

బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని బోధించింది ధాన్యకటకంలోనే అని టిబెటన్ల నమ్మకం. అందుకే 2006 జనవరిలో దలైలామా ఇక్కడే కాలచక్ర జరిపారు. వేలాదిమంది వచ్చారు. వాళ్లు వచ్చింది శిల్పాలు చూడ్డానికి కాదు, ఎందుకంటే మంచివన్నీ ఎప్పుడో ఊరు దాటిపోయాయి.

శిల్పాలు తిరిగి రావాలా వద్దా అనేది పెద్ద చర్చ, దానికి వేరే ఎపిసోడ్ చేద్దాం. ఈసారి అమరేశ్వరుడి గుడికి వెళ్తే ఒక అరగంట ఈ దిబ్బ దగ్గర కూడా ఆగండి. నాలాగా "ఇంతేనా?" అనుకునే ముందు, కూతుళ్లని వెంటబెట్టుకుని పలక ఇచ్చిన విధికుణ్ని ఒక్కసారి తలుచుకోండి.