ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ అర్హత పరీక్షలో రోగనిర్ధారణ: చరిత్ర

ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ అంటే పసిపిల్లల నుంచి వృద్ధుల దాకా అందరికీ ప్రాథమిక వైద్యం చేసే, ఉన్నత శిక్షణ పొందిన నర్సు. ఈ వృత్తి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో రూపుదిద్దుకుంది. రోగిని పరీక్షించి, జబ్బేమిటో తేల్చి, మందులు రాసే ఈ నర్సు చాలా రాష్ట్రాల్లో ముందుగా జాతీయస్థాయి అర్హత పరీక్షలో ఉత్తీర్ణత సాధించాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో వ్యాధి నిర్ణయం వైద్యుడి పని, ఆయన చెప్పింది అమలు చేయడం నర్సు పని అన్న విభజన స్థిరపడింది. 1893లో లిలియన్ వాల్డ్ న్యూయార్క్ పేదవాడల్లో ఇంటింటికీ నర్సులను పంపి ఆ గీతను కొంత చెరిపారు.

అసలైన మార్పు కెంటకీ రాష్ట్రపు తూర్పు కొండల్లో మొదలైంది. 1925లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ స్థాపించిన సంస్థ తర్వాత ఫ్రాంటియర్ నర్సింగ్ సర్వీస్‌గా పేరు పొందింది. దారీతెన్నూ లేని లెస్లీ కౌంటీలో దాని నర్సులు గుర్రాలెక్కి, వాగులు దాటి వెళ్లి కాన్పులు చేశారు, జ్వరాలకూ గాయాలకూ చికిత్స చేశారు. ఏ లక్షణం కనిపిస్తే ఏం చేయాలో వైద్యుల సలహాసంఘం ముందే రాసి ఇచ్చేది. కాగితం మీద అది వైద్యుల ఆదేశం. డాక్టరు అందుబాటులో లేని గుడిసెలో రోగి పక్కన కూర్చుని ఇది ఫలానా జబ్బు అని తేల్చింది మాత్రం నర్సే. ఈ ధీరవనితల అనుభవమే తర్వాతి చరిత్రకు పునాది.

చట్టం మాత్రం వెనకే ఉండిపోయింది. 1955లో అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ నర్సింగ్‌కు ఒక నమూనా నిర్వచనం ఇచ్చి, రోగనిర్ధారణ, చికిత్స నిర్ణయించడం అందులోకి రావని స్పష్టం చేసింది. ఆ నిషేధం నర్సుల సొంత సంఘం నుంచే రావడం గమనించదగ్గ విషయం.

పదేళ్లకే, 1965లో, కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్సు లొరెటా ఫోర్డ్, పిల్లల వైద్యుడు హెన్రీ సిల్వర్ కలిసి మొట్టమొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణను ప్రారంభించారు. అది పిల్లల ఆరోగ్యానికి పరిమితం. గ్రామీణ ప్రాంతాల్లో ప్రజారోగ్య నర్సుగా పనిచేసిన ఫోర్డ్‌కు వైద్యుల కొరత తెలుసు. ఈ దూరదర్శి 2025 జనవరిలో 104 ఏళ్ల వయసులో మరణించారు. 1970లో ఫ్రాంటియర్ సంస్థ ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సును మొదలుపెట్టింది. 1971లో ఐడహో తన నర్సింగ్ చట్టాన్ని సవరించి, రోగనిర్ధారణనూ చికిత్సనూ నర్సు పరిధిలో గుర్తించిన తొలి రాష్ట్రమైంది. అయితే నిబంధనలను వైద్య, నర్సింగ్ మండళ్లు కలిసి రూపొందించాలన్న షరతు పెట్టింది. 1973లో సెయింట్ లూయిస్ సదస్సుతో నర్సింగ్ డయాగ్నోసిస్ అనే వేరే పాయ ఊపందుకుంది. వ్యాధి వల్ల మనిషికి కలిగే ఇబ్బందులను వర్గీకరించడం దాని పని. అర్హత పరీక్ష ప్రధానంగా వ్యాధి నిర్ణయం వైపే సాగింది.

1983లో మిస్సోరి సుప్రీంకోర్టు సెర్మ్‌చీఫ్ వర్సెస్ గొంజాలెజ్ కేసులో ఇచ్చిన తీర్పు ఈ చరిత్రలో అత్యంత విలువైనది. కుటుంబ నియంత్రణ క్లినిక్‌లలో వైద్యుల లిఖిత ఆదేశాల మేరకు రొమ్ము, కటి పరీక్షలు చేసి మందులిచ్చిన నర్సులు అనుమతి లేకుండా వైద్యం చేస్తున్నారన్నది ఆరోపణ. వారి పని 1975 నాటి రాష్ట్ర నర్సింగ్ చట్టం పరిధిలోనిదేనని కోర్టు తేల్చింది.

1997 నాటి చట్టంతో, ప్రధానంగా వృద్ధుల కోసం ప్రభుత్వం నడిపే మెడికేర్ బీమా నర్స్ ప్రాక్టీషనర్లకు ఎక్కడ పనిచేసినా నేరుగా, వైద్యుడికిచ్చే దానిలో 85 శాతం, చెల్లించడం మొదలైంది.

అర్హత పరీక్షను నేడు రెండు సంస్థలు నిర్వహిస్తున్నాయి. ఒకటి అమెరికన్ నర్సెస్ అసోసియేషన్ అనుబంధ సంస్థ, రెండోది నర్స్ ప్రాక్టీషనర్ల సంఘం నుంచి పుట్టిన బోర్డు. రెండింటిలోనూ రోగనిర్ధారణ ఒక ప్రత్యేక విభాగం. రోగి వయసు, బాధ, శారీరక పరీక్షలో కనిపించినవి నాలుగైదు వాక్యాల్లో చెప్పి జబ్బేమిటని అడుగుతారు. ఐదు రోజులుగా తగ్గని జ్వరం, ఎర్రబడ్డ కళ్ళు, పగిలిన పెదవులు ఉన్న పసివాడు కనిపిస్తే కవాసాకి వ్యాధి తోచాలి. యాభై దాటినవారికి కొత్తగా తలనొప్పి, నమిలేటప్పుడు దవడనొప్పి వస్తే కణత రక్తనాళాల వాపును అనుమానించాలి. ఆలస్యమైతే చూపు పోతుంది. మామూలు జబ్బుల మధ్య దాగిన ప్రమాదాన్ని పట్టుకోవడమే ఈ ప్రశ్నల సారం.

సరైన జవాబులు కాలంతో మారాయి. మధుమేహానికి పరగడుపు చక్కెర హద్దు 1997లో డెసిలీటరుకు 140 నుంచి 126 మిల్లీగ్రాములకు తగ్గింది. 2010లో రక్తంలో సగటు చక్కెరను సూచించే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం కూడా ప్రమాణంగా చేరింది. 2017లో అమెరికా హృద్రోగ సంఘాలు రక్తపోటు హద్దును 130/80కి దించాయి. పరీక్షకు ముందు చదవాల్సిన చదువూ మారింది. నర్సింగ్ సంస్థల 2008 నాటి జాతీయ ఒప్పందం రోగవిజ్ఞానం, శారీరక పరీక్ష, ఔషధశాస్త్రం మూడింటినీ విడివిడి కోర్సులుగా చదవాలని నిర్దేశించింది. కనీస క్లినికల్ శిక్షణ 500 గంటలుండగా, 2022 ప్రమాణాలు దాన్ని 750 గంటలు చేశాయి. అర్హతను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

తెలుగునాట నర్స్ ప్రాక్టీషనర్ పద్ధతికి దగ్గరి ప్రయత్నం ప్రసూతి రంగంలో జరిగింది. తెలంగాణ ప్రభుత్వం 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్ సహకారంతో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణను ప్రారంభించింది. దాని వ్యవధి 18 నెలలు.