పన్నొకరిది, పలకొకరిది

"విద్య లేనివాడు వింత పశువు" అను సామెత మనలో ఎరుగనివారుండరు. చదువుపై శ్రద్ధ లేని పిల్లవానిని మందలించుటకు పెద్దలు దీనిని తరతరములుగా వాడుచున్నారు. కాని చదువుకొననివాడు వేరు, చదువుకొననీయబడనివాడు వేరు. మొదటివాని లోపము వానిది. రెండవవాని లోపము సంఘముది. ఈ భేదమును గుర్తించి, రెండవవాని పక్షమున నిలిచి సంఘమును, ప్రభుత్వమును ప్రశ్నించిన మహనీయులు కొందరు పందొమ్మిదవ శతాబ్దిలో మన దేశమున జన్మించిరి. వారిలో అగ్రగణ్యుడు పూనా నగరవాసి జ్యోతిరావు ఫూలే. ఆయన పేదవానికి విద్యను దానముగా అర్థింపలేదు. రావలసిన బాకీగా అడిగెను. ఆ బాకీ లెక్క ఎట్టిదో, అది ఎట్లు తీరుచు వచ్చెనో, ఇంకను ఎంత మిగిలియున్నదో విచారించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

జ్యోతిరావు 1827వ సంవత్సరమున తోటపని వృత్తిగాగల మాలీ కులమున జన్మించెను. పూర్వులు పీష్వాల కొలువునకు పూలు సమకూర్చుటచే ఆ కుటుంబమునకు ఫూలే అను ఇంటిపేరు వచ్చెను. తండ్రి గోవిందరావు కుమారుని కొన్నాళ్లు బడికి పంపి, పిదప మాన్పించి తోటపనిలో పెట్టెను. బాలుని తెలివిని గమనించిన ఇరుగుపొరుగువారు, అందొక మహమ్మదీయ పండితుడు, ఒక క్రైస్తవ పెద్ద, తండ్రికి నచ్చజెప్పగా, జ్యోతిరావు 1841లో స్కాటిష్ మిషను పాఠశాలలో చేరెను. ఆ ఇద్దరు పొరుగువారు మాటసాయము చేయకున్నచో ఆయన జీవితము పూలమొక్కల నడుమనే గడచిపోయి యుండెడిది. అట్టి మాటసాయము దొరకని బాలురు దేశమున ఎన్ని లక్షలమందియో ఆయన మరువలేదు.

1848లో ఒక బ్రాహ్మణ మిత్రుని పెండ్లి ఊరేగింపులో నడుచుచుండగా, శూద్రుడు తమతో సమానముగా నడచుటయా యని కొందరాయనను అవమానించిరి. ఇంగ్లీషు చదువు చదివిన యువకునికే ఈ గతి పట్టినచో, అక్షరము ముక్క ఎరుగనివారి మాట యేమి? ఆ సంవత్సరముననే ఆయన పూనాలో భిడే వాడా అను భవనమున బాలికల పాఠశాలను ప్రారంభించెను. అందు ఉపాధ్యాయిని ఆయన భార్య సావిత్రీబాయి. ఆమె 1831లో సతారా జిల్లా నాయిగావ్‌లో జన్మించి, బాల్యముననే వివాహితయై, భర్త వద్దనే అక్షరములు నేర్చిన ఇల్లాలు. పాఠశాలకు పోవు త్రోవలో ఆమెపై పేడయు, బురదయు విసరెడివారనియు, అందుచే ఆమె వెంట మరియొక చీర తీసికొనిపోయి బడిలో మార్చుకొనెడిదనియు ప్రసిద్ధి. కులపెద్దల ఒత్తిడికి లొంగి తండ్రి 1849లో దంపతులను ఇల్లు వెడలగొట్టెను. వారికి నీడ నిచ్చినది ఉస్మాన్ షేక్ అను మహమ్మదీయ మిత్రుని గృహము. సావిత్రీబాయి 1856లో భర్తకు వ్రాసిన లేఖలో, తాను లేనప్పుడు పాఠశాల భారము మోయుచున్న ఫాతిమా ప్రస్తావన కలదు.

అనతికాలమున మహర్, మాంగ్ కులముల బాలబాలికలకును వారు పాఠశాలలు నెలకొల్పిరి. 1852 నవంబరులో విశ్రామ్‌బాగ్ వాడాలో జరిగిన సభలో ప్రభుత్వము జ్యోతిరావును శాలువతో సత్కరించెను. కాని ఆ బడుల ఫలితమునకు శాలువకన్న గొప్ప సాక్ష్యము మరియొకటి కలదు. ముక్తా సాళ్వే అను మాంగ్ కులపు బాలిక 1855లో వ్రాసిన వ్యాసము ఒకటి 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయ్యెను. తమవారు పడిన బాధలను వర్ణించి, వేదములు తాకుటకే అధికారము లేని మేము ఏ మతమునకు చెందినవారము అని ఆమె అందు నిలదీసెను. ముందు తరమువరకు ఆ కులమువారి గోడును ఇతరులు చెప్పుటయే గాని, తాము వ్రాసికొను భాగ్యము లేదు. కొలది సంవత్సరముల చదువు ఆ బాలిక చేతికి కలము నిచ్చెను. కలము ప్రశ్న నిచ్చెను. సమత్వమునకు విద్య మార్గమగుట యనగా ఇదియే. ఉద్యోగము తరువాతి మాట. తన్ను గూర్చి తాను చెప్పుకొనగల శక్తి మొదటి మాట.

పూనాలో ఆ బడి తెరచిన 1848వ సంవత్సరముననే మన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు జన్మించుట తలచుకొనదగిన విషయము. ఆయన 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. పుట్టిన కులములు వేరు, భాషలు వేరు, మార్గములు కొంతవరకు వేరు. కాని స్త్రీకి అక్షరము రాకుండ సంఘము బాగుపడదను నిశ్చయము ఇరువురిదియు నొక్కటియే.

అయినను, ఒకరిద్దరు ఉదారులు తెరచిన బడులతో దేశమంతటికి విద్య రాదు. అందుకు రాజ్యము పూనుకొనవలెను. రాజ్యము ఏమి చేయుచుండెను? 1835లో మెకాలే చేసిన సిఫారసు నాటినుండి ప్రభుత్వము ధోరణి ఒకటే: పైవర్గములవారికి ఉన్నతవిద్య గరపినచో, అది వారినుండి క్రమముగా క్రిందివారికి దిగునని. 1854 నాటి విద్యా పత్రము సామాన్య ప్రజల చదువునకును ధనము వెచ్చింపవలెనని చెప్పినను, ఆచరణ వేరుగా నుండెను. 1856లో ధార్వాడలో ఒక మహర్ బాలుడు ప్రభుత్వ పాఠశాలలో చేర్చుకొనుమని అర్జీ పెట్టుకొనగా, ఇతర కులములవారు పిల్లలను మాన్పింతురను భయమున అధికారులు నిరాకరించిరి. ఆ వివాదము పై అధికారులవరకు పోయి, 1858లో, పూర్తిగా ప్రభుత్వ ధనముతో నడచు పాఠశాలలలో జాతి కుల భేదము లేక అందరికిని ప్రవేశముండవలెనని బొంబాయి ప్రభుత్వము ప్రకటించెను. ప్రకటన కాగితముపై నిలచెను. పిల్లవాడు గడప వెలుపలనే నిలచెను.

ఈ స్థితిలో 1882లో విలియం హంటర్ అధ్యక్షతన విద్యా విచారణ సంఘము ఏర్పడెను. దానికి ఫూలే సమర్పించిన వినతిపత్రము మన విద్యా చరిత్రలో చిరస్మరణీయమైనది. అందాయన తాను వర్తకుడననియు, కృషీవలుడననియు, పురపాలక సంఘ సభ్యుడననియు చెప్పుకొనెను. పండితునివలె వేదాంతము చెప్పక, వర్తకునివలె పద్దు విప్పెను. ప్రభుత్వాదాయములో అధికభాగము ఎండకు ఎండి వానకు తడిసెడి రైతు చెమటనుండి వచ్చుచున్నది. విద్యపై వెచ్చించు ధనములో అధికభాగము పైవర్గములవారి ఉన్నతవిద్యకు పోవుచున్నది. పన్ను కట్టువాని కొడుకునకు పలకయైన లేదు. ఆ పన్నుతో చదివినవాని కొడుకునకు పట్టము వచ్చుచున్నది. పైనుండి క్రిందికి దిగునన్న జ్ఞానము ఇన్నేండ్లలో ఎంత దిగినది? దాని ఫలము ఒక్కటే కనబడుచున్నది: ప్రభుత్వములోని పెద్ద ఉద్యోగములన్నియు ఒక్క వర్గము చేతిలో చేరుట. ఇదియే ఆయన వాదసారము.

పద్దు విప్పి ఊరకుండక, ఆయన దారియు చూపెను. పండ్రెండేండ్ల వయస్సు వరకైనను ప్రాథమిక విద్య నిర్బంధముగా నుండవలెను. పాఠములలో చదువుట, వ్రాయుట, లెక్కలతోబాటు చరిత్ర, భూగోళము, వ్యాకరణము, వ్యవసాయ జ్ఞానము, నీతి, పారిశుద్ధ్యము ఉండవలెను. శిక్షణ పొందిన ఉపాధ్యాయునికి నెలకు 12 రూపాయలకు తక్కువగాక, పెద్ద గ్రామములలో 15 మొదలు 20 రూపాయలవరకు జీతమీయవలెను. సాధ్యమైనంతవరకు ఉపాధ్యాయులు కృషీవల వర్గములనుండియే రావలెను. అవసరమైనప్పుడు నాగలి మేడియైనను, వడ్రంగి బాడిసయైనను పట్టుకొనుటకు సిగ్గుపడనివారై యుండవలెను. అంటరానివారనబడు వారి స్థితి చెప్పుచు, అయిదువేలకు మించిన వారి జనాభాగల పూనా నగరమంతటిలో వారికున్నది ఒక్కటే పాఠశాలయనియు, అందు వచ్చుచున్నవారు 30 మందికి లోపనియు లెక్క చూపెను. ఇది కవిత్వము కాదు, ఆవేశము కాదు. దాచుటకు వీలులేని అంకె.

ప్రభుత్వము నిర్బంధ విద్యను అంగీకరింపలేదు. ఫూలే 1890లో కన్నుమూసెను. 1897లో పూనాలో ప్లేగు చెలరేగినప్పుడు సావిత్రీబాయి రోగులకు సేవ చేయుచు, ఆ వ్యాధియే సోకి మరణించెను. కాని అడిగిన బాకీ అడిగినట్లే నిలచెను. బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ 1893లో అమ్రేలీ తాలూకాలో నిర్బంధ ప్రాథమిక విద్యను ప్రయోగముగా ప్రారంభించి, 1906లో సంస్థానమంతటికి విస్తరింపజేసెను. ఒక స్వదేశ సంస్థానము చేయగలిగిన పనిని బ్రిటిషు ప్రభుత్వము చేయలేదా యని గోపాలకృష్ణ గోఖలే 1911లో కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టిరి. అది మిక్కిలి మితమైన బిల్లు. స్థానిక సంస్థలు కోరిన చోటనే, తొలుత ఆరు మొదలు పదేండ్ల బాలురకే అది వర్తించును. అయినను 1912 మార్చిలో 13 మంది అనుకూలముగాను, 38 మంది ప్రతికూలముగాను ఓటు చేయగా అది వీగిపోయెను.

1917 సంవత్సరము ఈ కథలో ముఖ్యమైనది. ఆ యేట కొల్హాపూరు ప్రభువు శాహూ మహారాజు తన సంస్థానమున ఉచిత నిర్బంధ ప్రాథమిక విద్యను ఆదేశించెను. రెండేండ్లకు, 1919లో, అంటరానివారికి వేరు బడులను తీసివేసి, పిల్లలందరిని ఒక్క బడిలో కూర్చుండబెట్టవలెనని ఉత్తరువు చేసెను. ఆ 1917లోనే బెజవాడలో జరిగిన ప్రథమాంధ్రదేశ పంచమ మహాజన సభకు హైదరాబాదు వాస్తవ్యులు భాగ్యరెడ్డివర్మగారు అధ్యక్షత వహించిరి. 'పంచమ' అను పేరును వదలి 'ఆది ఆంధ్ర' అను పేరు స్వీకరించినది ఆ సభయే. వర్మగారు 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి, ఉరుదూ రాజభాషయైన నిజాము రాజధానిలో దళిత బాలబాలికలకు తెలుగున చదువు చెప్పు పాఠశాలలను నెలకొల్పిరి. కులము మూసిన తలుపును, భాష మూసిన తలుపును ఒక్కమారే తెరచిన ఆ సేవ తెలుగువారు మరువదగనిది.

ఇక, ఈ పరంపరకు శిఖరము డాక్టరు అంబేద్కరు. సతారా పాఠశాలలో ఆయన ఇంటినుండి తెచ్చుకొన్న గోనెపట్టాపై వేరుగా కూర్చుండెడివాడు. బంట్రోతు వచ్చి నీరు పోసిననే దాహము తీరెడిది. బంట్రోతు లేనినాడు నీరును లేదు. 1858 నాటి ప్రకటన నలువది యేండ్లకైనను ఎంత దూరము నడచినదో ఆ గోనెపట్టాయే చెప్పుచున్నది. బరోడా ప్రభువు విద్యార్థివేతనముతో 1913లో అమెరికాకు వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయమున చదివిన ఆయన, బుద్ధుడు, కబీరులతోబాటు ఫూలేను తన గురువుగా చెప్పుకొనెను. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించి, మరుసటి యేట బొంబాయిలో సిద్ధార్థ కళాశాలను తెరచెను. తాను దాటిన గడపను వెనుకవారికై తెరచియుంచుటయే గురుదక్షిణ యని ఆయన తలచెను.

ఆయన ముసాయిదా సంఘమునకు అధ్యక్షుడుగా నుండగా రూపొందిన రాజ్యాంగము 17వ అధికరణముచే అంటరానితనమును రద్దు చేసెను. 45వ అధికరణము, పదేండ్లలో, అనగా 1960 నాటికి, పదునాలుగేండ్ల లోపు పిల్లలందరికి ఉచిత నిర్బంధ విద్య సమకూర్చుటకు రాజ్యము యత్నింపవలెనని నిర్దేశించెను. 1951 జనాభా లెక్కలలో నూటికి 18 మందియే అక్షరాస్యులు. స్త్రీలలో నూటికి 9 మంది. 1960 వచ్చెను, పోయెను. 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను వ్యాజ్యమున సుప్రీంకోర్టు పదునాలుగేండ్ల వరకు విద్య ప్రాథమిక హక్కే యని తీర్పు చెప్పెను. 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆ హక్కును రాజ్యాంగమున చేర్చెను. 2009లో శాసనమై, 2010 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. ఫూలే అడిగిన నాటినుండి లెక్కింపగా నూట ఇరువదియెనిమిదేండ్లు. 2011 జనాభా లెక్కల నాటికి దేశమున అక్షరాస్యులు నూటికి సుమారు 73 మంది; నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములో సుమారు 67 మంది. దేశపు సగటుకన్న మనము వెనుకబడియుంటిమను సంగతి మనకు కొంత సంకోచము కలిగింపవలెను.

కేంద్ర ప్రభుత్వోద్యోగులమైన మనకు ఈ చరిత్ర పరాయిది కాదు. స్వగ్రామమునకు దూరముగా ఉద్యోగము చేసికొనుచున్న మనలో అనేకుల ఇండ్లలో, రెండు మూడు తరముల వెనుకకు పోయినచో వేలిముద్రయే కనబడును. ఎవరో ఒక పంతులు, ఎక్కడో ఒక వసతిగృహము, ఏదో ఒక విద్యార్థివేతనము నడుమ నిలచి మనలను ఇంతవరకు తెచ్చినవి. ఆ వేతనము పన్ను కట్టిన వారి సొమ్ము. మన జీతమును వారి సొమ్మే. కనుక ఫూలే విప్పిన పద్దులో మన పేరును కలదు. అయితే జమవైపు కాదు, బాకీవైపు.

ఆ బాకీ తీర్చుటకు మహాకార్యములు చేయనక్కరలేదు. మన కార్యాలయమును ఊడ్చువాని బిడ్డ, మన యింట అంట్లు తోముదాని బిడ్డ ఏ తరగతి చదువుచున్నారో మనలో ఎందరికి తెలియును? మన పిల్లల చదువును గూర్చి గంటల తరబడి మాటలాడుకొను మనము ఆ ప్రశ్న నొక్కమారైన అడిగితిమా? గోవిందరావు తోటలో కూలివాడై నిలచిపోవలసిన బాలుని బడికి చేర్చినవి ఇద్దరు పొరుగువారి మాటలు. అట్టి పొరుగువారు కాగల అవకాశము నేడు మనలో ప్రతివారికిని కలదు.